సిమ్ రేసింగ్‌కి మంచి పెడల్స్: కుర్చీ దగ్గర మొదలుపెట్టి బ్రేకు దాకా

సిమ్ రేసింగ్ అంటే కంప్యూటర్‌లోనో కన్సోల్‌లోనో నిజమైన కారులా నడిపే రేసు ఆట. అందులో ఇటలీలోని మోంజా ట్రాకు మీద స్టార్ట్ లైను దాటాక మొదటి చికేన్, అంటే వెంటవెంటనే తిరగాల్సిన మలుపుల మెలిక, వస్తుంది. జీటీ3 రకం రేసు కారులో అక్కడికి గంటకు 250 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి, ఒక్కసారిగా చిన్న గేరులోకి దింపాలి. నా పాత పెడల్స్‌తో ఒక ల్యాప్‌లో చక్కగా తిరిగేవాణ్ణి. తర్వాతి ల్యాప్‌లో ట్రాకు పక్కన దూరం చూపే అదే బోర్డు దగ్గర, బ్రేకు అలాగే తొక్కాననుకునేవాణ్ణి. కారు మాత్రం మలుపు సంగతే పట్టనట్టు నేరుగా వెళ్లిపోయేది. ఆర్నెల్లు నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పులో కొంత నాది, కొంత పెడల్‌ది. మిగిలిన వాటా నేను కూర్చున్న ఆఫీసు కుర్చీది. ఈ చివరి సంగతి పెడల్స్ కొన్నాక గానీ తెలియలేదు. అందుకే మీకు దాన్ని ముందే చెబుతున్నాను.

ఇంట్లో ఇప్పటికే లాజిటెక్ జీ29, జీ923 లాంటిదో, థ్రస్ట్‌మాస్టర్ టీ248 లాంటిదో ఉండి, "స్టీరింగ్ బాగానే ఉంది, పెడల్సే మార్చాలి" అనుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. స్టీరింగ్ ముందా పెడల్స్ ముందా అని ఇంకా ఊగిసలాడుతుంటే నా ఓటు పెడల్స్‌కే.

ముందు అర్థం చేసుకోవాల్సింది: దూరమా, బలమా

మామూలు సెట్లలో పెడల్ కింద పొటెన్షియోమీటర్ ఉంటుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే నాబ్ లోపల ఉండేది కూడా అదే. పెడల్ ఎంత దూరం కదిలిందో అది చెబుతుంది. రాపిడితో పనిచేసేది కాబట్టి దుమ్ము పడితే రేడియో గరగరలాడినట్టే పెడల్ రీడింగు కూడా ఎగిరెగిరి పడుతుంది. కాలు కదలకుండా ఉన్నా తెరమీద యాక్సిలరేటర్ గీత వణుకుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

హాల్ సెన్సర్ అయస్కాంతంతో పనిచేస్తుంది. రాపిడి లేదు, అరుగుదల లేదు. కానీ అది కొలిచేది కూడా దూరాన్నే. "హాల్ సెన్సర్ పెడల్స్" అని పెద్ద అక్షరాలతో అమ్మే సెట్టు కొంటే మన్నిక పెరుగుతుంది, బ్రేకు తీరు మాత్రం పెద్దగా మారదు.

లోడ్ సెల్ కొలిచేది బలాన్ని. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా లోపల ఉండేదే. లోహపు దిమ్మె మీద సన్నటి స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి ఉంటాయి. నొక్కినప్పుడు దిమ్మె కంటికి కనపడనంతగా వంగుతుంది, గేజ్‌ల రెసిస్టెన్స్ మారుతుంది, ఆ మార్పునే కేజీలుగా చదువుతారు.

బలం ఎందుకు ముఖ్యం? సైకిల్ తొక్కేటప్పుడు బ్రేకు లివరు ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందని ఎవరూ చూసుకోరు. ఎంత గట్టిగా పిండామన్నది చేతికే తెలుస్తుంది. రేసు కారులోనూ అంతే. ప్యాడ్‌లు డిస్కుని తాకాక పెడల్ ఇంక దాదాపు కదలదు, అక్కణ్ణుంచి అంతా ఒత్తిడే. కాలు కూడా దూరాన్ని సరిగా గుర్తుపెట్టుకోలేదు, బిగువును గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి ల్యాప్‌లోనూ ఒకేలా బ్రేకు పట్టగలగడం అక్కణ్ణుంచే వస్తుంది.

యాక్సిలరేటర్ సంగతి వేరు. అక్కడ దూరం కొలవడమే సరైన పద్ధతి, కాబట్టి హాల్ సెన్సర్ చాలు. క్లచ్ మీద అసలు డబ్బు పెట్టకండి. మామూలు కారులోలా చేత్తో గేర్లు మార్చే హెచ్ గేరు షిఫ్టర్ వాడేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు రేసు మొదలైనప్పుడు ఒక్కసారి పనికొస్తుంది. రెండు పెడల్స్ సెట్టు తీసుకుని, ఆ మిగిలిన డబ్బుతో మెరుగైన బ్రేకు కొనుక్కోవచ్చు.

మొదటి అడుగు: కుర్చీని తూకం వేయండి

డబ్బు ఖర్చు పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో బరువు చూసుకునే మిషను తీసుకోండి. ముల్లు తిరిగే పాత రకమైతే మేలు, డిజిటల్‌వి నిలబెడితే కొన్ని ఆన్ కావు. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి, మీరు ఆడేటప్పుడు కూర్చునే కుర్చీలోనే, అదే దూరంలో కూర్చుని ఎడమ కాలితో మెల్లగా నొక్కండి. కుర్చీ వెనక్కి జారే క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడండి. నిలబెట్టి తూచడం వల్ల ఒకటి రెండు కేజీల తేడా వచ్చినా మనకు నష్టం లేదు.

మా ఇంట్లో టైల్స్ మీద, చక్రాలున్న కుర్చీతో నాకు వచ్చింది 14 కేజీలు. బాగా బ్రేకు పట్టాలంటే కనీసం 30, 40 కేజీలు నిలవాలి. 14 దగ్గరే జారిపోయే కుర్చీలో కూర్చుని వంద కేజీల లోడ్ సెల్ కొన్నా అది నాకు కాటాగా తప్ప ఎందుకూ పనికిరాదు.

దీనికి మార్గాలు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే చవకైనది కుర్చీ వీపును గోడకు ఆనించడం. లేదంటే చక్రాలు పీకేసి, వాటి చోట రబ్బరు బుష్‌లు పెట్టడం. సామాన్లు కట్టే బలమైన బెల్టుతో కుర్చీ కాడకూ పెడల్ పలకకూ లంకె వేస్తే ఇంకా మంచిది. అప్పుడు మీరు ఎంత తొక్కితే బెల్టు అంత బిగుస్తుంది, కుర్చీగానీ పెడల్స్‌గానీ ఎటూ పోవు. మెత్తటి వీపున్న కుర్చీ అయితే ఇంకో చిక్కుంది. అది వెనక్కి వాలుతుంది. లాక్ చేసే వీలుంటే చేయండి, లేకపోతే భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ నయం.

మళ్లీ తూకం వేసి ఆ అంకె రాసిపెట్టుకోండి. తర్వాత క్యాలిబ్రేషన్‌లో, అంటే పెడల్ కొలతలు సరిచేసుకునేటప్పుడు, పనికొస్తుంది.

రెండో అడుగు: మీ దగ్గరున్నదానికి ఏది అతుకుతుంది

కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు టెన్షన్ లేదు. యూఎస్‌బీ వైరుతో వచ్చే పెడల్స్ ఏ కంపెనీవైనా, స్టీరింగ్ వేరే కంపెనీది అయినా ఇప్పటి ఆటల్లో రెండూ కలిసి పనిచేస్తాయి.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వాళ్లు మాత్రం ఇక్కడ ఆగి చదవాలి. కన్సోల్‌కి పెడల్స్‌ని నేరుగా యూఎస్‌బీతో తగిలిస్తే అది వాటిని గుర్తించదు. పెడల్స్ వైరు స్టీరింగ్ బేస్‌లోకే, అంటే స్టీరింగ్ బిగించి ఉండే మోటారు పెట్టెలోకే, వెళ్లాలి. అంటే బేస్ ఏ కంపెనీదో పెడల్స్ కూడా దాదాపు ఆ కంపెనీవే కావాలి. థ్రస్ట్‌మాస్టర్ బేస్ ఉంటే 2020లో వచ్చిన టీ-ఎల్‌సీఎం దానికి తగిన లోడ్ సెల్ సెట్టు. ఫోను జాక్ లాంటి ఆర్‌జే12 వైరుతో బేస్‌కి తగులుతుంది, కంప్యూటర్‌కైతే యూఎస్‌బీతోనూ తగులుతుంది. ఫానాటెక్ బేస్ ఉన్నవాళ్లకు సీఎస్‌ఎల్ పెడల్స్‌కి లోడ్ సెల్ కిట్ విడిగా దొరుకుతుంది. లాజిటెక్ జీ29 పెడల్స్‌ది తొమ్మిది పిన్నుల పాత రకం కనెక్టర్. దానికి సరిపడేలా వేరేవాళ్లు తయారుచేసిన బ్రేకు కిట్లు ఉన్నాయి. కొనేముందు మీ మోడల్ పేరు, మీ కన్సోల్ పేరు రెండూ రాసి అమ్మేవాళ్లను అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

మూడో అడుగు: ఎంత దూరం వెళ్లాలో తేల్చుకోవడం

అందరికీ కొత్త సెట్టు అక్కర్లేదు. ముందు పాతదానికి ఒక అవకాశం ఇవ్వండి. పెడల్ పెట్టె కింద స్క్రూలు విప్పి, పొటెన్షియోమీటర్ సందుల్లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, పెడల్‌ని ఇరవై ముప్పై సార్లు పైకీ కిందకీ ఆడించండి. తలుపు బందులకు కొట్టే మామూలు జిడ్డు స్ప్రే వద్దు, దానికి ఇంకా దుమ్ము పడుతుంది. వణుకు పోవచ్చు. కొన్ని నెలలకు మళ్లీ రావచ్చు కూడా.

జీ29లో బ్రేకు స్ప్రింగు లోపల ఒక రబ్బరు ముక్క ఉంటుంది. గట్టిగా ఉందని చాలామంది దాన్ని తీసి పారేస్తారు. నా మాట వింటే ఉంచండి. లోడ్ సెల్ లేని పెడల్‌లో కాలికి బిగువు అనేది తెలిపేది ఆ ముక్కే. పూర్తిగా తొక్కినా ఆటలో 100 శాతం రాకపోతే రబ్బరు తీయకుండా, ఆట సెట్టింగుల్లో ఆ పైహద్దును తగ్గించండి. ఇంకో మాట, లాజిటెక్ సెట్టు ప్లగ్ పెట్టిన ప్రతిసారీ మూడు పెడల్స్‌నీ ఒకసారి చివరిదాకా తొక్కి వదలాలి. పెడల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అది అప్పుడే నేర్చుకుంటుంది.

ఇంక సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లకు. నేనూ చేశాను. కాటాల్లో వాడే లోడ్ సెల్ ఒకటి, దాని సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు ఒకటి, ప్రోగ్రాం రాసి పెట్టుకునే చిన్న బోర్డు ఆర్డుయినో ప్రో మైక్రో ఒకటి. ఈ ప్రో మైక్రో చిప్పు కంప్యూటర్‌కి తనను తాను జాయ్‌స్టిక్‌గా పరిచయం చేసుకోగలదు, అదే దీని సుగుణం. అన్నీ కలిపి సోల్డరింగ్ చేసి, కారు ఎక్కి బ్రేకు తొక్కితే ఏదో తేడా. నేను తొక్కిన కాసేపటికి కారు ఆగడం మొదలుపెడుతోంది. రెండు రోజులు ప్రోగ్రాం అంతా వెతికాక దొరికిందేమిటంటే, ఆ హెచ్‌ఎక్స్711 బోర్డు సెకనుకు 10 సార్లే కొలుస్తుంది. కూరగాయలు తూచడానికి అది బోలెడు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో మాత్రం సెకనులో పదో వంతు అంటే కారు ఐదున్నర మీటర్లు పోయినట్టే. ఆ బోర్డు మీది చిప్పులోనే రేట్ అనే పిన్ను ఉంది. దాన్ని గ్రౌండ్ నుంచి విడదీసి కరెంటు వైపు కలిపితే సెకనుకు 80 సార్లు కొలుస్తుంది, అప్పుడు ఆలస్యం ముప్పావు మీటరు లోపలికి వచ్చేస్తుంది. తొక్కుతుంటే విలువ పెరగాల్సింది పోయి తగ్గుతుంటే భయపడకండి, సెల్ నుంచి వచ్చే రెండు సిగ్నల్ వైర్లు తారుమారు చేస్తే సరి. సరదా ఉంటే ఈ దారి మంచిదే. వచ్చే వారం రేసు ఉందంటే మాత్రం వద్దు.

రెడీమేడ్ లోడ్ సెల్ సెట్లలో టీ-ఎల్‌సీఎం, మోజా ఎస్ఆర్-పీ లాంటివి ఇంట్లో ఆడేవాళ్లకు చాలా కాలం సరిపోతాయి. పెట్టె మీద "100 కేజీలు" అని చూసి భయమూ వద్దు, మురిపెమూ వద్దు. అది గరిష్ఠం. మీకు ఎంత కావాలో మీరే పెట్టుకుంటారు. ఆ పైన నెదర్లాండ్స్ వాళ్ల హ్యూసింక్‌వెల్డ్, డెన్మార్క్ వాళ్ల అసెటెక్ హైడ్రాలిక్ పెడల్స్, ఫిన్లాండ్ వాళ్ల సిమ్యూక్యూబ్ యాక్టివ్ పెడల్ ఉన్నాయి. చివరిదాంట్లో మోటారే కాలిని వెనక్కి తోస్తుంది. వాటి ధరలకు ఇక్కడ పాత కారు వెతుక్కోవచ్చు, అందుకే ఇంతటితో వదిలేస్తున్నాను.

తెప్పించుకునే తీరు గురించి ఒక మాట. విదేశీ సైటులో కనిపించే ధర మీద కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ), రవాణా పడతాయి. అవి కలిపి చూపిస్తున్నారా లేదా అన్నది ముందే చూసుకోండి. ఇంకో దారి మనందరికీ తెలిసిందే. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసు. ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు పెడల్స్. ఇనుప పెడల్స్ బరువుంటాయి. 23 కేజీల పెట్టెలో అవి తినేసే జాగాకు అక్కయ్య నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. వారంటీ మాత్రం కొన్న దేశంలోనే ఉండిపోవచ్చు, అది గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: బిగింపు

లోడ్ సెల్ పెడల్స్‌ని నేలమీద ఉత్తినే పెట్టి వాడలేరు. రెండే రెండు గట్టి బ్రేకులకు అవి మంచం కిందికి వెళ్లిపోతాయి. తక్కువ ఖర్చుతో అయ్యేది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక. పెడల్స్ కింద ఒకటి, ముందు వైపు గోడ దాకా అడ్డంగా ఒక చెక్క. తోసిన బలమంతా గోడకే పోతుంది.

నాది విజయవాడ. ఆటోనగర్‌లో స్క్వేర్ పైపు వెల్డింగ్ చేయించి, పైన ఇనుప ప్లేటు వేయించుకున్నాను. మేస్త్రీకి "కంప్యూటర్ ఆటకి" అని చెబితే నవ్వి, "ఏ బండికి సార్?" అని మళ్లీ అడిగాడు. అక్కడికి వెళ్లేముందు చేయాల్సిన పని ఏమిటంటే, పెడల్స్‌ని తెల్ల అట్ట మీద పెట్టి రంధ్రాల గుర్తులు పెన్సిల్‌తో గీసుకోండి. నోటితో కొలతలు చెబితే ఒక్క రంధ్రమైనా తప్పుతుంది. గుండ్రటి రంధ్రాలకు బదులు పొడవాటి స్లాట్లు కోయించుకుంటే తర్వాత పెడల్స్‌ని ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. నేను రంధ్రాలే కొట్టించాను, రెండు వారాలకు మళ్లీ ఆటోనగర్ వెళ్లాను. వాషర్లు వేసి, లాక్ నట్లు వాడండి. మామూలు నట్లు వణుకుడుకి వదులైపోతాయి.

అల్యూమినియం ప్రొఫైల్ రిగ్, అంటే సీటు, స్టీరింగ్, పెడల్స్ అన్నీ బిగించే చట్రం, కొనగలిగితే ఇవన్నీ అక్కర్లేదు. అందులో గాడులు ఉంటాయి, ఏదైనా ఎక్కడికైనా జరుగుతుంది. కానీ మొదటి రోజే దానికి పోవాల్సిన పనిలేదు.

కూర్చోవడం

మడమ నేలమీద ఆని, పాదం ముందు భాగం బ్రేకు మీద పడాలి. పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు నిటారుగా సాగిపోతే కుర్చీని దగ్గరకు జరపండి. నడుము కుర్చీ వీపుకి పూర్తిగా ఆని ఉండాలి, లేకపోతే ప్రతి బ్రేకుకీ మీరే వెనక్కి వెళ్తారు. మడమ జారుతుంటే దాని వెనక చిన్న చెక్క పట్టీ కొట్టండి.

మనలో చాలామంది ఇంట్లో వట్టి కాళ్లతోనే ఆడతాం. పాత ప్లాస్టిక్ పెడల్స్‌కి అది చెల్లింది. 40 కేజీల బలంతో రంధ్రాలున్న లోహపు పెడల్‌ని గంటసేపు తొక్కితే అరికాలి మీద ఆ రంధ్రాల అచ్చు పడుతుంది. పలచటి అడుగున్న కాన్వాస్ బూట్లు వేసుకోండి. ఇంట్లో చెప్పులు వేసుకోవడానికి ఒప్పుకోని వాళ్లుంటే, ఆట కోసమే కొన్నవని కొత్త జత చూపించి ఒప్పించాలి. లావు అడుగున్న రన్నింగ్ షూ పనికిరావు, మెత్తటి అడుగే సగం బలాన్ని మింగేస్తుంది.

ఐదో అడుగు: గట్టిదనం, క్యాలిబ్రేషన్

బ్రేకు పెడల్‌లో స్ప్రింగులో, ఎలాస్టమర్ అనే రబ్బరు దిమ్మెలో ఉంటాయి. వాటిని మార్చి మెత్తగానో గట్టిగానో చేసుకోవచ్చు. అందరూ మొదటి రోజే అన్నిటికంటే గట్టివి వేసి, మూడో రోజు మోకాలు పట్టుకుంటారు. మధ్యరకంతో మొదలుపెట్టండి.

ఇప్పుడు ముందు రాసిపెట్టుకున్న అంకె తీయండి. కుర్చీ జారకుండా మీకు 45 కేజీలు వచ్చిందనుకుందాం. పెడల్ సాఫ్ట్‌వేర్‌లో పూర్తి బ్రేకుని అందులో 80 శాతం దగ్గర, అంటే 36 దగ్గర పెట్టండి. అరగంట రేసులో చివరి ల్యాప్‌లో కూడా మీ కాలు ఇవ్వగలిగే బలం అదే. సాఫ్ట్‌వేర్ కేజీలు చూపకపోతే, ఆడేటప్పటిలా కూర్చుని హాయిగా ఎంత గట్టిగా తొక్కగలరో తొక్కి, ఆ చోటే 100గా గుర్తించేలా చేయండి. మొదట్లో రెండు మూడు శాతం డెడ్‌జోన్ ఇవ్వండి. కాలు ఊరికే ఆనినా బ్రేకు పడకుండా ఉండటానికి అది.

తర్వాత ఆటలోకి వెళ్లండి. పాత పెడల్స్ కోసం పెట్టుకున్న వంపులు, అంటే ఎంత తొక్కితే ఎంత బ్రేకు పడాలన్న గీతలు, అక్కడ ఇంకా ఉంటాయి. అసెట్టో కోర్సా ఆటలో బ్రేకు గామా (ఆ వంపు ఎంతో చెప్పే అంకె) 1 చేస్తే గీత వంపు లేకుండా, లీనియర్‌గా వస్తుంది. ఐరేసింగ్ ఆటలో కంట్రోల్స్‌ని కొత్తగా క్యాలిబ్రేట్ చేసి, బ్రేకుని లీనియర్ వైపు పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ఒక వంపు, ఆటలో ఇంకో వంపు ఉంటే కాలు ఎప్పటికీ కుదురుకోదు. ఏదైనా ఒక్కచోటే సరిచేయండి.

వణుకు, షాకు

లోడ్ సెల్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది. పక్కనే డైరెక్ట్ డ్రైవ్ (చక్రాన్ని నేరుగా మోటారుకే బిగించిన రకం) స్టీరింగ్ మోటారు ఉంటే దాని రొద ఇందులోకి దూరుతుంది, తొక్కకుండానే బ్రేకు గీతలు లేస్తాయి. పెడల్ వైరుని మోటారు కరెంటు వైరుకి దూరంగా తీసుకెళ్లండి. చవక యూఎస్‌బీ హబ్ కాకుండా కంప్యూటర్‌కే నేరుగా గుచ్చండి. అయినా పోకపోతే గోడలోని ప్లగ్ చూడండి. ఎర్తింగ్ లేని ఇళ్లు మనకు కొత్తేం కాదు. ఇనుప రిగ్ మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జివ్వుమంటే ఆట ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అది పెడల్ సమస్య కాదు, ఇంటి సమస్య.

ఆరో అడుగు: కాలికి కొత్త చదువు

మొదటి వారం మీరు పాత టైముల కంటే నెమ్మదిగా ఉంటారు. డబ్బు దండగ అనిపిస్తుంది. అప్పుడే అమ్మకానికి పెట్టేయకండి.

కారు నడపకుండా మొదలుపెట్టండి. తెరమీద పెడల్ గీత తెచ్చుకుని, చూస్తూ 20 శాతం, 40, 60, 80 దగ్గర కాలు నిలపడం చేయండి. తర్వాత కళ్లు మూసుకుని 60 పట్టి, కళ్లు తెరిచి ఎంత వచ్చిందో చూడండి. నాకు మొదటి రోజు 60 అనుకున్నది 85 వచ్చింది. నాలుగో రోజుకి ఐదు శాతం తేడాలోకి వచ్చాను. రోజుకి పది నిమిషాలు చాలు.

తర్వాత ఏబీఎస్ (బ్రేకు ఎక్కువైనా చక్రాలు లాకవకుండా చూసేది) లేని కారు ఎక్కండి. మాజ్డా ఎంఎక్స్-5 కప్ దీనికి మంచి గురువు. ఐరేసింగ్ చందాలోనే వస్తుంది, లగూనా సెకా, లైమ్ రాక్ ట్రాకులు కూడా అందులోనే ఉన్నాయి. బ్రేకు ఎక్కువైతే చక్రం లాకై పొగ వస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. జీటీ3 కారులోని ఏబీఎస్ మన తప్పుల్ని కప్పేస్తుంది, అందుకే అది తర్వాత. లగూనా సెకాలో రెండో మలుపు ట్రెయిల్ బ్రేకింగ్ నేర్చుకోవడానికే పుట్టినట్టుంటుంది. మొదట గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిప్పేకొద్దీ బ్రేకుని కొంచెం కొంచెంగా వదలాలి. తొక్కడం తొందరగా వస్తుంది. వదలడమే ఆలస్యం. లోడ్ సెల్ అసలు విలువ కూడా ఆ వదలడంలోనే తెలుస్తుంది, ఎందుకంటే 70 నుంచి 30 దాకా దిగే ఆ ఒక్క సెకనులో పెడల్ కదిలేది చాలా తక్కువ.

పది ల్యాపులు తిరిగాక అన్నిటికంటే మంచి ల్యాప్ టైమును పక్కన పెట్టి, మంచి ల్యాప్‌కీ చెత్త ల్యాప్‌కీ తేడా ఎంతో రాసుకోండి. మొదట తగ్గేది ఆ తేడానే.

వారం తర్వాత బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగించండి, కొత్త చెక్క కొంచెం అణుగుతుంది. మే నెలలో మా ఊరి ఎండకు ఎలాస్టమర్లు మెత్తబడి అదే బిగువుకి పెడల్ ఎక్కువ దూరం పోతుంది, ఏసీ వేశాక మళ్లీ గట్టిపడుతుంది. లోడ్ సెల్ సున్నా కూడా వేడికి కొద్దిగా పక్కకు జరుగుతుంది. రేసు ఉన్న రోజున గది చల్లబడ్డాక, పెడల్స్ మీద కాళ్లు పెట్టకుండా ఒకసారి సున్నా చూసుకుని కూర్చోండి.